దొంగ కాపీ, దొరకని కాపీ

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

చెన్నై శివార్లలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల హాస్టల్ జీవితం గురించి గత సంచికలో ఒక వ్యాసం ప్రచురించాము. అందులో నలుగురు కుర్రాళ్ళు ఒకే ల్యాప్‌టాప్ ముందు చేరి క్రాక్ చేసిన (అంటే కాపీ చేయకుండా ఆపే తాళం తెంచేసిన) ఆట ఆడుకుంటున్న సంగతి ఒకే ఒక్క వాక్యంలో వచ్చింది. అద్దెలు, మెస్ భోజనం, భాష తెలియని ఇబ్బంది వంటివన్నీ పక్కనపెట్టి పాఠకులు ఆ వాక్యాన్నే పట్టుకుని ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాను. పేర్లు వేయవద్దని దాదాపు అందరూ కోరారు కనుక ప్రాంతాల పేర్లతోనే సరిపెడుతున్నాను.

ప్రశ్న: నేను ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కొత్తగా విడుదలైన పెద్ద ఆట కొనాలంటే నాలుగైదు వేల రూపాయలు కావాలి. అది నా నెల మెస్ బిల్లు. అందుకని హాస్టల్లో అందరిలాగే నేనూ టొరెంట్ ద్వారా, అంటే జనం ఇంటర్నెట్‌లో ఒకరి నుంచి ఒకరు ఫైళ్ళు పంచుకునే దారిలో, రీప్యాక్ (క్రాక్ చేసి, కుదించిన ప్రతి) దించుకుంటాను. ఎలాగూ అంత డబ్బు పెట్టి కొనేవాణ్ణి కాను కనుక కంపెనీకి నా వల్ల పోయేదేమీ లేదు. నేను కాపీ చేసుకున్నంత మాత్రాన వాళ్ళ దగ్గర ఉన్నది తరిగిపోదు కూడా. నా రూమ్మేట్ మాత్రం ఇది పచ్చి దొంగతనమంటాడు. మాలో ఎవరిది న్యాయం?
– విద్యార్థి, పోతేరి

జవాబు: ముందు మీ రూమ్మేట్ మాట చూద్దాం. చట్టం దృష్టిలో ఆయన వాదం నిలబడదు. అనుమతి లేకుండా తయారుచేసిన ఎల్విస్ ప్రెస్లీ రికార్డులను ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పంపిన వ్యక్తి మీద దొంగసొత్తు రవాణా చట్టం ప్రయోగించినప్పుడు, అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1985లో డౌలింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఒకరి కాపీరైటును ఉల్లంఘించినవాడు తప్పు చేసినవాడే అయినా, సొత్తు ఎత్తుకుపోయినవాడితో అతణ్ణి ఒకే గాటన కట్టడానికి న్యాయమూర్తుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. మన దేశంలో కూడా దీన్ని చూసుకునేది 1957 నాటి కాపీరైటు చట్టమే.

అయితే రూమ్మేట్ ఓడిపోయినంత మాత్రాన మీరు గెలిచినట్లు అనుకోవద్దు. పోతేరిలో టికెట్ తీసుకోకుండా బీచ్ లోకల్ ఎక్కినవాడు రైల్వేవారి సొత్తు ఏదీ పట్టుకుపోడు. అతడు ఎక్కినా ఎక్కకపోయినా బండి వెళ్తుంది, ఎక్కకపోతే ఆ సీటు ఖాళీగానే ఉంటుంది, టికెట్ తప్పదంటే అతడు ఆ రోజు ప్రయాణమే మానుకునేవాడేమో కూడా. ఇన్ని ఉన్నా, పక్కన సీజన్ టికెట్ తీసుకుని కూర్చున్నవాళ్ళ డబ్బుతో నడిచే బండిలో అతడు తనకు తానుగా ఒక మినహాయింపు రాసుకున్నాడు. మీరు ఆడే ఆట కూడా కొనుక్కున్నవాళ్ళ డబ్బుతోనే తయారైంది. మీ వాదాన్ని మిగిలినవాళ్ళు పాటించనంతకాలం మాత్రమే అది మీకు పనికివస్తుంది. అందరూ పాటించిన రోజున మీరు దించుకోవడానికి ఆట ఉండదు. నాకు ఇందులో తప్పుగా కనబడేది ఈ మినహాయింపే. నష్టం ఎన్ని రూపాయలన్న లెక్క ఆ తరవాతది.

లెక్క గురించి కూడా మాట్లాడుకోవలసిందే, ఎందుకంటే అక్కడ మీ పక్షాన కొంత బలం ఉంది. యూరోపియన్ కమిషన్ డబ్బిచ్చి చేయించిన ఒక పెద్ద అధ్యయనం 2015లోనే పూర్తయినా, 2017లో గాని లోకానికి తెలియలేదు. కొత్తగా విడుదలైన భారీ సినిమాలను పక్కన పెడితే, పైరసీ వల్ల అమ్మకాలు పడిపోతున్నాయనడానికి గట్టి గణాంక సాక్ష్యం దొరకలేదని ఆ అధ్యయనం తేల్చింది. ఆటల విషయంలోనైతే ఉచితంగా ఆడినవాళ్ళే తరవాత కొంటున్న జాడలు కూడా కనిపించాయి. (అటువంటి నివేదిక రెండేళ్ళు బీరువాలో ఎందుకు కూర్చుందో ఊహించడం కష్టం కాదు.) కాకపోతే అది అన్ని ఆటలకూ కలిపి తీసిన సగటు. సగటు లెక్కలో పెద్ద సంస్థ తట్టుకుంటుంది. ఇద్దరు మనుషులు రెండేళ్ళు కూర్చుని చేసిన ఆటకు ఏమవుతుందో ఆ లెక్క చెప్పదు.

దానికి ఒక ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన గ్రీన్‌హార్ట్ గేమ్స్ అనే ఇద్దరు అన్నదమ్ముల సంస్థ 2013 ఏప్రిల్‌లో గేమ్ డెవ్ టైకూన్ అనే ఆట విడుదల చేసింది. ఆటలు తయారుచేసే కంపెనీని ఆటగాడే నడపడం అందులో ఇతివృత్తం. ధర ఎనిమిది డాలర్ల లోపే, ముందుగా ఆడి చూడడానికి ఉచిత నమూనా ఉంది, కొన్నవాణ్ణి సతాయించే తాళాలేవీ లేవు. విడుదల చేసిన కాసేపటికే వాళ్ళు తమ ఆట దొంగ ప్రతిని తామే టొరెంట్లలోకి ఎక్కించారు. ఆ ప్రతిలో ఒక చిన్న మార్పు చేశారు: కొన్ని గంటలు ఆడాక, ఆటలోని మీ కంపెనీ ఎంత మంచి ఆట తయారుచేసినా జనం దాన్ని కొనకుండా దొంగ ప్రతులు ఆడుతున్నారని సందేశం వస్తుంది, రాబడి పడిపోతుంది, కడకు కంపెనీ దివాలా తీస్తుంది. మొదటి రోజు ముగిసేసరికి ఆట ఆడుతున్న 3,318 మందిలో కొన్నవాళ్ళు 214 మంది. మిగిలిన 3,104 మందివీ దొంగ ప్రతులే. ఆ దొంగ ప్రతి ఆడుతున్నవాళ్ళలో కొందరు వచ్చి, పైరసీ వల్ల తమ కంపెనీ మునిగిపోతోందని, దాన్ని అరికట్టే ఉపాయం ఆటలో ఎక్కడ దొరుకుతుందని బాహాటంగా అడిగారు. ఈ కథ వార్తలకెక్కి ఆ అన్నదమ్ములకు మంచి ప్రచారమే తెచ్చిపెట్టింది, అది వేరే సంగతి. ఎనిమిది డాలర్లు లేనివాళ్ళు ఆ 3,104 మందిలో కొందరు ఉండే ఉంటారు. అందరూ ‘ఎలాగూ కొనేవాళ్ళు కారు’ అంటే మాత్రం నేను నమ్మను.

ఇక ధర. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్‌లో, రిచీ స్ట్రీట్ సందుల్లో ఒక తరం మొత్తం దొంగ సీడీలు కొనుక్కుంది. వాళ్ళను నేను గట్టిగా తప్పుపట్టలేను. ఎందుకంటే అప్పట్లో చాలా ఆటలకు అసలు ప్రతి మన ఊళ్ళో అమ్మేవాడే లేడు, ఉన్నా విదేశీ ధరకు అమ్మేవాడు. ఇంటర్నెట్‌లో ఆటలు అమ్మే స్టీమ్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ 2011లోనే ఈ మాట అన్నాడు: పైరసీకి చాలావరకు మూలం ధర కాదని, దొంగ ప్రతి అందినంత సులభంగా అసలు ప్రతి అందకపోవడమని. 2015లో అదే దుకాణం రూపాయల్లో ధరలు పెట్టింది. నేడు ఏడాది, రెండేళ్ళు ఓపిక పట్టగలిగినవాడికి డిస్కౌంట్ అమ్మకాల్లో ఎన్నో మంచి ఆటలు కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. ఎపిక్ దుకాణమైతే వారం వారం ఏదో ఒక ఆట ఉచితంగానే ఇస్తోంది. అసలు ప్రతే దొరకని కాలంలో బర్మా బజార్‌కు వెళ్ళినవాడికి ఉన్న సాకు ఈనాడు మీకు లేదు. విడుదలైన వారంలోనే ఆడాలన్న ఆత్రుతను నేను అర్థం చేసుకోగలను గాని, దాన్ని పేదరికం ఖాతాలో వేయడానికి ఒప్పుకోను. మీరు చేస్తున్నది ఘోరమని అనను. తప్పు, అంతే. అది పదిమందితో నడిచే చిన్న సంస్థ ఆట అయితే మరికాస్త పెద్ద తప్పు.

ప్రశ్న: టొరెంట్లు మానేసి, సగం ధరకు యాక్టివేషన్ కీలు (ఆటను తెరిచే రహస్య సంఖ్యలు) అమ్మే వెబ్‌సైట్లలో కొంటున్నాను. ఇదైతే న్యాయమే కదా?
– పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: కొన్ని సందర్భాల్లో ఇది పైరసీ కంటే కూడా చెడ్డది. ఆ కీలలో కొన్ని దొంగిలించిన క్రెడిట్ కార్డులతో కొన్నవి. కార్డు యజమాని ఫిర్యాదు చేయగానే బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంటుంది, ఆ పైన వేసే రుసుము ఆట తయారుచేసినవాడి నెత్తిన పడుతుంది. ఇలాంటి సైట్లలో కొనే బదులు తమ ఆటను పైరసీ చేసుకోమని 2019లో కొందరు చిన్న తయారీదారులు బహిరంగంగానే వేడుకున్నారంటే పరిస్థితి మీకు అర్థమవుతుంది. తయారీదారు తానే గుర్తించిన దుకాణంలో డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. నేను బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్లోనే క్రాక్ చేసిన ఆటలు ఎక్కిస్తున్నాడని ఈ మధ్యనే తెలిసింది. పోలీసు కేసు అవుతుందేమోనని భయంగా ఉంది. వాడికి ఏమని చెప్పాలి?
– ఒక తండ్రి, పెరంబూరు

జవాబు: చట్టంలో ఉన్నది ముందు చెబుతాను. దొంగ ప్రతి అని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి కాపీరైటు చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వ్యాపార లాభం కోసం వాడకపోతే జైలు లేకుండా, 50,000 రూపాయలకు మించని జరిమానాతో విడిచిపెట్టే వెసులుబాటు న్యాయస్థానానికి అదే సెక్షన్ ఇచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2004లో వీడియో పైరసీదారులను గూండాల చట్టంలోకి కూడా చేర్చింది. అయితే ఆ చేర్పు దొంగ డిస్కుల వ్యాపారం చేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకున్నది. పదో తరగతి పిల్లవాడి కోసం దాన్ని తెచ్చి మీరు నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు.

మీరు భయపడవలసింది ఇంకో చోట ఉంది. క్రాక్ చేసిన ఆటతో పాటు ఒక చిన్న నోట్ ఫైలు వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్‌ను ఆపెయ్యమని, ఆ ఫోల్డర్‌ను మళ్ళీ ఎన్నడూ తనిఖీ చేయకుండా మినహాయింపుల జాబితాలో చేర్చమని అందులో రాసి ఉంటుంది. క్రాక్‌ను యాంటీవైరస్ పొరపాటున పట్టుకుంటుందని దానికి చెప్పే కారణం. అది కొన్నిసార్లు నిజమే. నిజమైనా కాకపోయినా, మీ అబ్బాయి ఆ రెండు పనులూ చేసి, ఎవరు తయారుచేశారో తెలియని ప్రోగ్రాముకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా ఇచ్చేశాడు. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు ఈ దారినే వస్తాయి: బ్రౌజర్లో మీరు దాచుకున్న పాస్‌వర్డులతో పాటు, అప్పటికే లాగిన్ అయి ఉన్న ఖాతాల ఆనవాళ్ళను కూడా పట్టుకుపోతాయి. ఆ ఆనవాళ్ళు చేతికి దొరికినవాడికి చాలా ఖాతాల్లోకి వెళ్ళడానికి ఓటీపీ అక్కరలేదు. కనుక ముందు వేరే ఫోను నుంచి మీ పాస్‌వర్డులన్నీ మార్చండి, ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి, కంప్యూటర్లో విండోస్ మళ్ళీ కొత్తగా వేయించండి, అబ్బాయికి అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని వేరే ఖాతా పెట్టండి.

వాడికి ఏమని చెప్పాలన్నారు. పోలీసుల పేరు చెప్పి బెదిరించకండి. వాడి స్నేహితులెవరినీ ఇంతవరకు ఏ పోలీసూ పట్టుకుని ఉండడు కనుక మీ మాట తేలిపోతుంది. నెలకు ఇంత అని ఒక మొత్తం ఇచ్చి, దానిలో ఏ ఆట ఎప్పుడు కొనాలో వాణ్ణే తేల్చుకోనివ్వండి.

ప్రశ్న: నేను డబ్బు పెట్టి కొన్న ఒక ఆటను, తయారుచేసిన కంపెనీ సర్వర్లు ఆపేసి ఎందుకూ పనికిరాకుండా చేసింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఆ ఆటను మళ్ళీ నడిపించే అనధికార సర్వర్ ఒకటి అభిమానులు తయారుచేశారని విన్నాను. నేను దాన్ని వాడితే పైరసీ అవుతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోళింగనల్లూరు

జవాబు: ఆట పేరు మీరు రాయలేదు గాని, ఇలాంటి సందర్భాల్లో అన్నిటికన్నా పేరుమోసినది యూబీసాఫ్ట్ వారి ది క్రూ. 2014లో విడుదలైన ఆ కార్ల ఆటను ఒంటరిగా ఆడుకోవాలన్నా ఇంటర్నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. తరవాత కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి లైసెన్సులను కూడా తొలగించారు. ఆ కోపంలోంచే రాస్ స్కాట్ అనే వ్యక్తి మొదలుపెట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. అమ్మకం ఆపేసినా, ఆడుకునే స్థితిలో ఆటను వదిలివెళ్ళాలని యూరోపియన్ యూనియన్‌కు పెట్టుకున్న వినతి 2025 జూలైలో 10 లక్షల సంతకాల హద్దు దాటింది. ఇది ఆటలకే పరిమితమైన జబ్బు కూడా కాదు. 2009లో అమెజాన్ సంస్థ హక్కుల తగాదా వచ్చిందని పాఠకులు డబ్బిచ్చి కొన్న ఈ-పుస్తకాలను వాళ్ళ కిండిల్ పరికరాల్లోంచి వాళ్ళకు తెలియకుండా చెరిపేసింది. అలా చెరిపేసినవాటిలో జార్జ్ ఆర్వెల్ 1984 ఉండడం మాత్రం విధి ఆడిన వేళాకోళం. ఆ సంస్థ అప్పుడు డబ్బు వెనక్కి ఇచ్చింది, తరవాత క్షమాపణ కూడా చెప్పింది. మీకు ఆ మాత్రం కూడా జరగలేదు. మీరు కొంటున్నది వస్తువును కాదని, రద్దు చేయదగ్గ లైసెన్సును మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అని బటన్ పెట్టడాన్ని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి నుంచి నిషేధించింది. అలాంటి చట్టం మన దగ్గరా రావాలి.

పోతేరి విద్యార్థికి నేను కఠినంగా జవాబు ఇవ్వడానికి కారణం, అతని ముందు డబ్బు చెల్లించే దారి తెరిచి ఉండడం. మీరు ఆ దారినే వెళ్ళి, అడిగినంత చెల్లించారు. మాట తప్పినది అవతలివాళ్ళు. మీరు ఏ మినహాయింపూ కోరడం లేదు, కొన్నది వాడుకుంటానంటున్నారు, అంతే. నీతి విషయంలో మీరు రవ్వంత కూడా సంకోచపడనక్కరలేదన్నది నా అభిప్రాయం.

చట్టం విషయంలో అంత తేలిగ్గా చెప్పలేను. చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రామును పోగొట్టుకోకుండా అదనపు ప్రతి తీసి దాచుకునే హక్కు మన కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఇస్తోంది. సాంకేతికమైన తాళాలను ఛేదించడాన్ని 2012 సవరణ నేరంగా చేర్చింది. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అది నేరమని ఆ సెక్షన్‌లోనే ఉంది. మీ ఉద్దేశం అది కాదు. మీ వాదన బలంగానే ఉన్నా, మన న్యాయస్థానాల్లో అది గెలిచి తీరుతుందని భరోసా ఇవ్వలేను. అనధికార సర్వర్ నడిపేవాళ్ళు డబ్బు వసూలు చేస్తున్నట్లయితే మాత్రం దూరంగా ఉండండి; అప్పుడు వాళ్ళది అభిమానం కాదు, దుకాణం.

అసలు అమ్మకంలోనే లేని పాత ఆటల సంగతి దీనికి దగ్గరిదే. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు ఏ దుకాణంలోనూ చట్టబద్ధంగా దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. నింటెండో సంస్థ అదే ఏడాది మార్చిలో తన రెండు పాత పరికరాల ఆన్‌లైన్ దుకాణాలను మూసేసింది. పరిశోధకులు ఇంటి నుంచే ఇలాంటి ఆటలను చూసేందుకు గ్రంథాలయాలకు వీలు కల్పించమని కోరితే, అమెరికా కాపీరైటు కార్యాలయం 2024 అక్టోబరులో కాదు పొమ్మంది. అమ్మనూ అమ్మరు, దాచిపెట్టేవాళ్ళను దాచనూ దాచనివ్వరు. అటువంటి చోట పాత ఆటను ఎవరో కాపీ చేసి భద్రపరిచారంటే, ఆ పని చేసినవాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా వాట్సాప్ బృందంలో పాత పుస్తకాలు, చందమామ సంచికలు, ఈ మధ్య కొత్త నవలలు కూడా పీడీఎఫ్‌లుగా తిరుగుతున్నాయి. విద్యాదానం మహాదానమని చెప్పుకునే మనకు పుస్తకం పంచుకోవడం కూడా పాపమేనా?
– ఒక పాఠకుడు, టి. నగర్

జవాబు: మాస్టారూ, మీ బృందంలో తిరిగేవన్నీ ఒక జాతివి కావు. రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక అరవై ఏళ్ళు గడిస్తే ఆయన పుస్తకాలు అందరి సొత్తు అవుతాయి. గురజాడ 1915లో పోయారు కనుక ఆయన రచనలను మీరు ఎంతమందికైనా నిశ్చింతగా పంపండి. శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన రచనల మీద హక్కులు 2043 చివరిదాకా ఉంటాయి.

చందమామది మధ్యస్థమైన పరిస్థితి. 1947 జూలైలో ఈ ఊళ్ళోనే పుట్టి, వడపళని నుంచి దేశంలోని ఎన్నో భాషల్లోకి వెళ్ళిన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది. హక్కులు ఎవరివో వారివే అయినా, పాత సంచిక కావాలన్నవాడికి అంగట్లో దొరకదు. ఇలాంటి వాటి విషయంలో మన చట్టానికి కూడా కొంత మనసుంది: భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి మూడు ప్రతుల వరకు తీయించుకోవడానికి, తన దగ్గర ఉన్న పుస్తకాన్ని భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవడానికి వ్యాపారేతర పౌర గ్రంథాలయానికి అనుమతి ఇచ్చింది. మూడు ప్రతుల అనుమతిలో చట్టం పేరెత్తినది పుస్తకాలనే. షోళింగనల్లూరు పాఠకుడి ఆటకు ఆ అదృష్టం లేదు. మీ వాట్సాప్ బృందం చట్టం చెప్పే గ్రంథాలయం కాదు, నిజమే. అయినా దొరకని సంచికను మనవలకు చదివి వినిపించడానికి మీరు దించుకుంటే కాదనడానికి నాకు మనస్కరించదు. చదువుకోవడానికి, పరిశోధనకు సొంతంగా వాడుకోవడాన్ని చట్టం కొంతవరకు మన్నిస్తుంది కూడా. ఆ మన్నింపు నుంచి కంప్యూటర్ ప్రోగ్రాములను మాత్రం మినహాయించింది.

కొత్త నవలల విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటుంది, క్షమించాలి. తెలుగులో నేడు ఒక కథల సంపుటమో నవలో ఐదు వందల ప్రతులు వేస్తే, వెయ్యి వేస్తే గొప్ప. అచ్చు ఖర్చు చాలాసార్లు రచయితదే. మీ బృందంలోని సభ్యుల సంఖ్య ఆ పుస్తకం వేసిన ప్రతుల సంఖ్యతో సమానంగా ఉండి ఉండవచ్చు. అంటే మీరు ఒక్కసారి ‘ఫార్వర్డ్’ నొక్కితే ఆ పుస్తకానికి తెలుగు దేశంలో ఉన్న కొనుగోలుదారులందరికీ ఒకేసారి ఉచితంగా పంచినట్లు. దానం చేసేవాడు తన సొమ్ము దానం చేయాలి. ఆ పుస్తకం రెండు ప్రతులు కొని, చదివేవాళ్ళకు మీ చేతులతో ఇవ్వండి. అది నిస్సందేహంగా దానమే, ఏ చట్టమూ అడ్డుపడదు.

ప్రశ్న: సినిమా విడుదలైన పూటే దొంగ ప్రింట్ వచ్చేస్తోంది. ఒక సైటు మూయిస్తే పది పుడుతున్నాయి. ఈ కోర్టు ఉత్తర్వుల వల్ల ఒరిగేదేమైనా ఉందా?
– పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: కొంత ఉంది, నష్టం కూడా ఉంది. ఎవరో తెలియని నేరస్థుల మీద ముందుగానే తీసుకునే ఉత్తర్వులను మన దేశంలో ‘అశోక్ కుమార్ ఉత్తర్వులు’ అంటారు. 2012లో ఒక తమిళ సినిమా నిర్మాతలు మద్రాసు హైకోర్టు నుంచి అలాంటిది తెచ్చుకుంటే, ఇంటర్నెట్ సంస్థలు ఏ లింకు తప్పో చూడకుండా వీడియోల సైటు విమియో వంటి నిర్దోషి సైట్లను కూడా మొత్తంగా కట్టేశాయి. జనం గోల పెట్టాక, ఉల్లంఘన ఉన్న లింకులను మాత్రమే ఆపాలని జూన్‌లో హైకోర్టు వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఇప్పుడు థియేటర్లో కెమెరాతో సినిమా తీసినవాడికి 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా పెట్టింది. సైట్లను మూయడం కంటే, ప్రింట్ బయటికి వచ్చే చోటును పట్టుకునే ఈ పద్ధతి మీద నాకు ఎక్కువ నమ్మకం.

ప్రశ్న: నేనూ మరో మిత్రుడూ కలిసి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో అద్దె గదిలో ఒక చిన్న ఆట తయారుచేసి విడుదల చేశాము. పది రోజుల్లో దాని క్రాక్ ఒక టెలిగ్రామ్ చానల్లో ప్రత్యక్షమైంది. ఏం చేయమంటారు?
– గేమ్ డెవలపర్, తొరైపాక్కం

జవాబు: తాళాల మీద డబ్బు తగలేయకండి. పెద్ద సంస్థలు కోట్లు పెట్టి కొనే రక్షణ ప్రోగ్రాములను కూడా ఛేదించేవాళ్ళు ఛేదిస్తూనే ఉన్నారు, వాటి వల్ల విసుగు పడేది డబ్బిచ్చి కొన్నవాళ్ళే. ఉచిత నమూనా ఒకటి పెట్టండి, మన దేశానికి రూపాయల్లో విడిగా ధర పెట్టండి, క్రాక్‌లో ఉండని కొత్త దశలను తరచుగా విడుదల చేస్తూ ఉండండి. ఆ చానల్లో మీరే వెళ్ళి మర్యాదగా ఒక మాట రాయండి. ఇద్దరు మనుషులు చేసిన ఆట అని తెలిస్తే కొనేవాళ్ళు కొందరుంటారు, తిట్టేవాళ్ళూ ఉంటారు, పట్టించుకోకండి.

దాంతోపాటు 2013 నాటి కాపీరైటు నియమావళిలో 75వ నియమం కింద ఆ వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపవచ్చు. ఆట మీదేనన్న ఆధారాలు, దొంగ ప్రతి ఉన్న కచ్చితమైన లింకు, అది చట్టం అనుమతించిన వాడకాల కిందికి రాదన్న వివరణ, న్యాయస్థానంలో దావా వేస్తామన్న హామీ అందులో ఉండాలి. ఫిర్యాదు సరిగ్గా ఉందని తృప్తిపడితే వాళ్ళు 36 గంటల్లో ఆ లింకును ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే దాన్ని మళ్ళీ తెరిచే స్వేచ్ఛ వాళ్ళకు ఉంటుంది. కనుక నోటీసు పంపడానికి ముందే న్యాయవాదితో మాట్లాడి, ఖర్చు ఎంతవుతుందో అడిగి, మీ ఆట ఇంతవరకు తెచ్చిన రాబడితో దాన్ని పోల్చి చూసుకోండి.